మెరుపు తీయడం కూడా పనే

మన ఇళ్లలో మెరుపంటే విలువ. పండగ ముందు చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబు మెరవాలి. కొత్త సైకిలు హ్యాండిలు మెరవాలి. పెళ్లికి కొన్న పట్టుచీర దీపం వెలుగులో తళుక్కుమనాలి. మిల్లులో చేసిన మన పెద్దలకు ఇది ఇంకా బాగా తెలుసు. గుడ్డ ఎంత గట్టిగా నేసినా, ఫినిషింగులో మెరుపు ఎక్కితే గానీ బజారులో చెయ్యి వేసి చూసేవాడు ఉండడు.

అలాంటి మనకు, డబ్బిచ్చి మరీ మెరుపు తీయించుకునే వాళ్లున్నారంటే నవ్వొస్తుంది. కానీ ఉన్నారు. మన బెంగళూరులోనే ఉన్నారు. రేడియోతో నడిచే చిన్న విమానాలు కట్టేవాళ్లు వాళ్లు. చేతిలో రిమోటు ఉంటుంది, పైన మీటరు పొడవు విమానం తిరుగుతుంటుంది. పెట్టెలోంచి తీసినప్పుడు అది కొత్త ప్లాస్టిక్ బకెట్టులా నిగనిగలాడుతుంది. దాన్ని అసలు యుద్ధవిమానంలా, వెలుగు పడినా తిరిగి కొట్టని మసక రంగులోకి మార్చాలి. దీన్నే మ్యాట్ ఫినిష్ అంటారు.

నేను బండ్లకు రంగు కొట్టే పెయింటరును. కొన్నేళ్లుగా ఈ పని కూడా చేస్తున్నాను. మన పేట పిల్లలు ఇద్దరు ముగ్గురు నేర్పమని అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. రంగు గురించి ఎంత రాశానో ఊపిరి గురించి కూడా అంత ముఖ్యంగా రాశాను. ఆ భాగం దాటేయకండి.

పేరు తేజస్, ఒంటికి మసక రంగు

బెంగళూరుకూ విమానానికీ చుట్టరికం పాతది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం సాయంతో ఇక్కడ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టారు. ఇప్పటి హెచ్‌ఏఎల్‌కు మూలం అదే. 1951 ఆగస్టులో హెచ్‌టీ-2 శిక్షణ విమానం, 1961 జూన్ 17న మారుత్ యుద్ధవిమానం, 2001 జనవరి 4న తేజస్ మొదటి ప్రయోగ విమానం, మూడూ మన ఊరి ఆకాశంలోనే మొదటిసారి ఎగిరాయి. తేజస్ కార్యక్రమానికి డైరెక్టరుగా, చీఫ్ డిజైనరుగా పనిచేసింది కోట హరినారాయణ గారు. 1996లో యలహంక వైమానిక స్థావరంలో ఏరో ఇండియా ప్రదర్శన మొదలైంది. అది జరిగే రోజుల్లో ఉత్తరం వైపు పేటల్లో మేడలన్నీ జనమే.

ఆ ప్రదర్శన చూసినవాళ్లు రెండు రకాల విమానాలు చూసి ఉంటారు. సూర్యకిరణ్ జట్టు విమానాలు ఎరుపూ తెలుపూ వేసుకుని నిగనిగలాడుతూ వస్తాయి. తేజస్ మాత్రం బూడిద రంగులో, వానమబ్బు ముక్కలా వస్తుంది. రంగుల ఎంపికలో ఖర్చు తగ్గించడం ఏమీ లేదు. సూర్యకిరణ్ పని జనానికి కనబడడం. తేజస్ పని శత్రువుకు కనబడకపోవడం. ఎండలో నున్నటి రెక్క ఒక్క క్షణం అద్దంలా తళుక్కుమంటే చాలు, ఎంతో దూరంలో ఉన్న పైలటు కంట్లో పడుతుంది. 2003లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి దానికి తేజస్ అని పేరు పెట్టారు. తేజస్సు అంటే వెలుగు కదా. పేరులో వెలుగు ఉన్నా ఒంటి మీద మాత్రం వెలుగు నిలవకూడదు!

బొమ్మ విమానానికి ఇంకో కారణం కూడా తోడవుతుంది. అసలు తేజస్ పొడవు సుమారు 13.2 మీటర్లు, రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. దాన్ని పదో వంతుకు తగ్గిస్తే 132 సెంటీమీటర్ల పొడవు, 82 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. విమానాన్ని తగ్గించగలం గానీ సూర్యుణ్ని తగ్గించలేం. అంత చిన్న ఒంటి మీద అంత పెద్ద మెరుపు చుక్క కనబడగానే కన్ను 'ఇది బొమ్మ' అని పట్టేస్తుంది. పైగా అసలు విమానాన్ని మనం దూరం నుంచి చూస్తాం. మధ్యలో గాలి, దుమ్ము, తేమ ఉంటాయి. అందువల్ల దాని రంగు కాస్త వెలిసినట్టు, మెరుపు తగ్గినట్టు కనబడుతుంది. చేతికందే దూరంలో ఉన్న బొమ్మకు ఆ దూరాన్ని మనమే రంగులో తేవాలి.

మేనకోడలు తెచ్చిన పని

మా అక్క మైసూరు రోడ్డు వైపు ఒక గార్మెంట్స్‌లో టైలరు. దాని కూతురు డిప్లొమా చదువుతోంది, విమానాల కోర్సే. నలుగురు పిల్లలు కలిసి పదో వంతు తేజస్ కట్టారు. ఒళ్లంతా ఫోమ్, రెక్కలు బాల్సా కర్రతో కట్టి మీద ఫిల్ము అంటించారు. ప్రాజెక్టు మార్కుల్లో సగం అది ఎగిరితే వస్తాయి, సగం అసలుదానిలా ఉంటే వస్తాయి. మోటారుకూ, బ్యాటరీకీ అక్క చీటీ పాడి డబ్బిచ్చింది. అది పడిపోతే ఇంకోటి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు.

"మామా, దీని మెరుపు తీసేయల్ల. బరువు మాత్రం పెరగకూడదు" అంది.

"ఎంత పెరిగితే పరవాలేదు?"

"అరవై గ్రాములు. దాటితే మేమేసిన లెక్కంతా తప్పుతాది."

పక్కనే మంచం మీద మా నాయన ఉన్నాడు. "మెరుపు తీసేదానికి ఇంత ఆలోచనేంది? ఎమెరీ పట్టుకొని రుద్దితే పోదా?" అన్నాడు. మళ్లీ తనే, "పోదులే. పోతే మా ఫినిషింగులో అంతమంది ఎందుకు" అని నవ్వినాడు.

మిల్లు చెప్పిన పాఠం

మెరుపంటే ఏమిటో నాకు పెయింటు దుకాణంలో ఎవరూ చెప్పలేదు. నాయనే చెప్పినాడు. బిన్నీ, మినర్వా, రాజా మిల్లు, ఏ మిల్లులో చేసినవాళ్లకైనా ఇది తెలిసిన సంగతే.

"క్యాలెండరు మిషను ఉంటుంది చూడు, వేడి రోలర్ల మధ్య గుడ్డను నలిపేది. అందులోంచి వచ్చిన గుడ్డ అద్దం మాదిరి ఉంటాది. ఇంటికి తీసుకుపోయి ఒకసారి ఉతుకు, మెరుపు తగ్గిపోతాది. గుడ్డ మారిందా? లేదు. పోగు చదునుగా ఉన్నప్పుడు మెరిసింది, ఉబ్బినాక మసకబారింది. అంతే."

నూలును కాస్టిక్ సోడాలో ముంచి, ముడుచుకుపోకుండా బిగించి పట్టే మెర్సరైజింగు కూడా అలాంటిదే. వంకరటింకరగా, చప్పిడిగా ఉండే నూలు పోగు ఉబ్బి గుండ్రంగా, నున్నగా అవుతుంది. అందుకే మెరుస్తుంది. రేయాన్‌కు దీని తలకిందుల కథ. అది పుట్టుకతోనే మెరుస్తుంది. మెరుపు వద్దనుకుంటే దారం తీయకముందే ద్రావణంలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి కలుపుతారు. మిల్లు భాషలో దాన్ని డల్ నూలు అనేవాళ్లు.

రంగులో కూడా ఇదే జరుగుతుంది. నున్నటి చోట పడిన వెలుగు మొత్తం ఒకే దిక్కుకు తిరిగి వెళ్తుంది. దాన్నే మనం మెరుపంటాం. కంటికి కనబడనంత చిన్న గరుకు ఉన్నచోట వెలుగు నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. అది మసక. మ్యాట్ వార్నిషులో సాధారణంగా మెత్తటి సిలికా పొడి ఉంటుంది. వార్నిషు ఆరి పలచబడే కొద్దీ ఆ పొడి పైన చిన్న చిన్న గుట్టల్లా తేలుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో దీన్ని గ్లాస్ మీటరుతో కొలుస్తారు. 60 డిగ్రీల వాలులో వెలుగు వేసి ఎంత తిరిగొచ్చిందో చూస్తారు. నున్నటి నల్లగాజు పలకకు 100 అని లెక్క పెట్టుకుంటే, మామూలుగా 10 లోపు వచ్చేదాన్ని మ్యాట్ అంటారు.

ఇది అర్థమైతే పనిలో సగం సందేహాలు తీరిపోతాయి. డబ్బా ఎందుకు బాగా ఊపాలి? పొడి అడుగున కూర్చుంటుంది కాబట్టి. ఊపకుండా కొడితే మొదట మెరుపు, చివర తెల్ల మరకలు వస్తాయి. మ్యాట్ వేసినదాన్ని గుడ్డతో గట్టిగా ఎందుకు తుడవకూడదు? రుద్దితే ఆ చిన్న గుట్టలు చదునై, అక్కడ మళ్లీ మెరుపు వస్తుంది. పాత ప్యాంటు మోకాళ్ల దగ్గర, ఇస్త్రీపెట్టె ఎక్కువ తగిలిన చోట మెరుస్తుంది చూడండి, అదే సంగతి.

ఏ ఒంటికి ఏ మందు

బొమ్మ విమానాల ఒళ్లు ముఖ్యంగా మూడు రకాలు. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

మొదటిది ఫిల్ము. బాల్సా కర్ర ఎముకల మీద చిన్న ఇస్త్రీపెట్టెతో అంటించే పలచటి ప్లాస్టిక్ కాగితం. దీని మీద రంగు నిలవాలంటే ముందు నునుపు విరగాలి. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరుతో తడి చేసి, చెయ్యి బరువు వేయకుండా గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. ఎముక ఉన్నచోట ఫిల్ము తొందరగా చిరుగుతుంది, అక్కడ ఇంకా తేలిక చెయ్యి కావాలి. ముడతలుంటే రంగుకు ముందే వేడితో బిగించుకోవాలి. రంగు వేశాక ఇస్త్రీ పెట్టె ఆనిస్తే పనంతా పోతుంది. కొత్తగా కట్టేవాళ్లు మసకగానే వచ్చే ఫిల్ము, గుడ్డలాంటి కవరింగు తెచ్చుకుంటే ఈ బాధే ఉండదు.

రెండోది ఫోమ్. మామూలు థర్మాకోల్ మీద థిన్నరు పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఉప్పులా కరిగి గుంట పడుతుంది. బండ్ల లక్కర్ దాని దగ్గరికి కూడా తేకూడదు. కొన్ని గట్టి ఫోములు కాస్త ఓర్చుకుంటాయి గానీ, పేరు చూసి నమ్మకండి. ఏ డబ్బా తెచ్చినా ముందు అదే ఫోమ్ తునక మీద ఒక పూట పరీక్ష చేయండి. ఫోమ్‌కు అన్నిటికన్నా క్షేమం నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగు, నీళ్లలో కలిసే మ్యాట్ వార్నిషు.

మూడోది ఫైబరు, గట్టి ప్లాస్టిక్. ఫైబరును అచ్చులోంచి తీసేటప్పుడు మైనం లాంటిది అంటుకుని వస్తుంది. దాన్ని సబ్బునీళ్లతో కడిగి, ఆరాక 600 లేదా 800 నంబరు వాటర్ పేపరు పట్టించి, ప్రైమరు వేసి, ఆ తర్వాతే రంగు. ఇది బండి బంపరు పనిలాంటిదే. పెయింటు షాపులో చేసిన పిల్లలకు చెప్పక్కర్లేదు.

ఇంజను నూనెతో నడిచే పాతరకం విమానాలకు ఇంకో గండం ఉంది. ఆ ఇంధనంలో మెథనాల్ ఉంటుంది. పొగగొట్టం నుంచి చిమ్మితే చాలా మ్యాట్ రంగులు మెత్తబడి లేచిపోతాయి. నీళ్ల రంగులు బ్యాటరీ విమానాలకే సరి.

మసకకు దారి మెరుపు మీదుగానే

కొత్తవాళ్లకు వింతగా అనిపించేది ఇదే. మ్యాట్ చేయాల్సిన విమానానికి ముందు మెరుపు వార్నిషు వేయాలి.

ఎందుకంటే మన వైమానిక దళం మూడు రంగుల గుండ్రటి గుర్తు, తోక మీద జెండా, నంబర్లు, ఇవన్నీ నీళ్లలో నానబెట్టి అంటించే పలచటి స్టిక్కర్లు. గరుకు రంగు మీద అవి అంటిస్తే, గుంటల్లో గాలి ఇరుక్కుని స్టిక్కరు అంచుల చుట్టూ వెండిపొరలా మెరుస్తుంది. ఎంత నొక్కినా పోదు. అందుకని వరస ఇలా ఉండాలి. ముందు రంగు. దాని మీద స్టిక్కర్లు వచ్చే చోట మాత్రం పలచగా మెరుపు వార్నిషు. అది ఆరాక స్టిక్కర్లు. ఒక రాత్రి ఆగి, చివరగా మొత్తం మీద మ్యాట్. అప్పుడు స్టిక్కరూ రంగూ ఒకే గుడ్డ మీద అచ్చువేసినట్టు కలిసిపోతాయి.

మ్యాట్ కొట్టేటప్పుడు దూరం చూసుకోవాలి. మరీ దగ్గరైతే కారిపోతుంది, అక్కడ మెరుపు కూడా నిలుస్తుంది. మరీ దూరమైతే రంగు గాలిలోనే ఆరి దుమ్ములా పడుతుంది, చెయ్యి పెడితే సుద్దలా రాలుతుంది. నేను జానెడు దూరానికి కాస్త ఎక్కువ పెట్టుకుంటాను. చెయ్యి ఆపకుండా ఒక చివర బయట మొదలుపెట్టి ఇంకో చివర బయట ఆపుతాను. ఒక్కసారే దట్టంగా వేయడం కన్నా రెండుసార్లు పలచగా వేయడం మేలు.

బెంగళూరు వానాకాలంలో ఇంకో తంటా ఉంది. థిన్నరు ఆవిరవుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలో తేమ నీరై రంగులో చిక్కుకుంటే, పైన పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ముసురు రోజున స్ప్రే డబ్బా ముట్టుకోను. తెరిపి ఇచ్చిన రోజు పొద్దున పదికి పైన, ఎండ కాస్త ముదిరాక కొడతాను.

గ్రాముల లెక్క

పాప పెట్టిన 60 గ్రాముల హద్దు చిన్న విషయం కాదు. ఆ తేజస్ బొమ్మ ఒళ్లు, రెక్కల పైభాగం, కిందిభాగం కలిపితే సుమారు ఒక చదరపు మీటరు. ఆరిన రంగు పొర 25 మైక్రాన్లు ఉందనుకుందాం, అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు. ఒక చదరపు మీటరుకు అది సుమారు 30 గ్రాములు. మామూలుగా బండికి వేసినట్టు ప్రైమరు, రంగు, వార్నిషు అని మూడు నాలుగు పొరలు వేస్తే వంద గ్రాములు దాటుతుంది. కిలోన్నర విమానానికి వంద గ్రాములంటే మన భుజాన అదనంగా బియ్యం మూట ఎత్తినట్టే. ఆ బరువుకు తగ్గ వేగం లేకపోతే రెక్క దాన్ని మోయలేదు, దిగేటప్పుడు నేలను గట్టిగా కొడుతుంది.

బరువు ఎంత అన్నది ఒక లెక్క, ఎక్కడ అన్నది ఇంకో లెక్క. విమానాన్ని వేళ్ల మీద నిలబెడితే సమంగా ఆగే చోటు ఒకటి ఉంటుంది. దానికి 40 సెంటీమీటర్ల వెనక 10 గ్రాముల రంగు పడితే, 20 సెంటీమీటర్ల ముందు 20 గ్రాములు పెడితేనే త్రాసు సమమవుతుంది. వెనక బరువైన విమానం ముక్కు పైకెత్తి, చెప్పిన మాట వినదు. తేజస్‌కు వెనక అడ్డతోక ఉండదు, త్రికోణం రెక్కే అన్నీ చూసుకుంటుంది. కాబట్టి అలాంటి బొమ్మకు ఈ త్రాసు ఇంకా ముఖ్యం.

అందుకని మేం ప్రైమరు మానేశాం. ఫిల్ము ఎలాగూ బూడిద రంగుదే కాబట్టి రెక్కలకు కొత్త రంగు వేయలేదు, స్క్రబ్బరు పట్టించి మ్యాట్ వార్నిషు మాత్రం వేశాం. ఫోమ్ ఒంటికి ఎయిర్‌బ్రష్‌తో పలచటి రంగు. తోక దగ్గర ఒక్క పొరతో ఆపేశాం. ప్రతి పొరకు ముందు, ఆరిన మర్నాడు కూడా త్రాసులో పెట్టి పాప పుస్తకంలో రాసుకుంది. తడిగా ఉన్నప్పుడు తూచితే లెక్క తప్పు వస్తుంది. చివరికి 48 గ్రాములు పెరిగింది. వెనక పెరిగిన బరువుకు సీసం ముక్క పెట్టకుండా, బ్యాటరీనే రెండు వేళ్లు ముందుకు జరిపింది. ఆ ఉపాయం దానిదే.

ఆకాశంలో కనబడాలి కదా

అన్నీ సరిపోయాక నేను ఒక అడ్డం వేశాను. బూడిద రంగు, మెరుపు లేదు, పైనా కిందా ఒకటే రంగు. మబ్బు ముందుకు వెళ్తే అది ఎటు తిరుగుతుందో ఎలా తెలుస్తుంది? అసలు విమానం లోపల పైలటు ఉంటాడు, ఆయన్ని ఎవరూ చూడకపోయినా ఆయనకు దారి కనబడుతుంది. బొమ్మను నడిపేవాడు నేల మీద ఉంటాడు. వాడి కన్ను తప్పిందంటే విమానం పోయినట్టే. 2021 డ్రోన్ నిబంధనలు కూడా ఇలాంటి బొమ్మ విమానాన్ని కంటికి కనబడే దూరంలోనే నడపాలంటాయి.

"కింద నారింజ రంగు పట్టీ వేద్దాం" అన్నాను.

"అసలుదానికి లేదు మామా. మార్కులు పోతాయి."

ఇద్దరి మాటా నిజమే. చివరికి మాస్కింగ్ టేపుతో దారి దొరికింది. ఎగిరే ముందు ఎడమ రెక్క కింద రెండు వెడల్పాటి నారింజ టేపు పట్టీలు అంటించాలి, కుడి రెక్క కింద ఏమీ వద్దు. చూపించేటప్పుడు మెల్లగా పీకేయాలి. బంక తక్కువ ఉన్న టేపు కాబట్టి మ్యాట్ చెదరలేదు. ఊరి బయట మైదానంలో అది మూడు నిమిషాలు ఎగిరింది. తిరిగిన ప్రతిసారీ ఆ నారింజ పట్టీ చూసే పిల్లలు "ఎడమ, ఎడమ" అని అరిచారు. దిగేటప్పుడు చక్రం ఒకటి వంగింది, అంతే.

ఇంకో మాట. మేడ మీద నుంచి ఎగరేద్దామని ఎవరూ అనుకోకండి. మన ఊరి చుట్టూ హెచ్‌ఏఎల్, యలహంక, జక్కూరు, కెంపేగౌడ విమానాశ్రయం ఉన్నాయి. ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ఆకాశ పటం ప్రభుత్వం డిజిటల్ స్కై పేరుతో పెట్టింది. అందులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చోట్లు చూసుకుని, కాలేజీ వాళ్లను అడిగి వెళ్లండి.

నాయన సోమవారం దగ్గు

ఇప్పుడు అసలు మాట. నాయన ఫినిషింగుకు రాకముందు పదేళ్లు కార్డింగులో చేసినాడు. సెలవు తర్వాత సోమవారం పనికి పోయొచ్చిన సాయంత్రం ఛాతీ పట్టేసినట్టు ఉండేది. మంగళవారానికి కాస్త తగ్గేది. అమ్మ దాన్ని సోమవారం దగ్గు అనేది. కొన్నేళ్లకు అది వారమంతా ఉండసాగింది. ఇప్పటికీ మెట్లెక్కితే మధ్యలో ఆగుతాడు. పత్తి దుమ్ముతో వచ్చే ఈ జబ్బు పేరు బిసినోసిస్. మన ఇళ్లలో చాలామంది తాతలకు పేరు తెలియకుండానే ఉండేది.

1948 ఫ్యాక్టరీల చట్టంలో, డాక్టరు చూడగానే ప్రభుత్వానికి తెలపాల్సిన వృత్తి జబ్బుల జాబితా ఉండేది. అందులో బిసినోసిస్ ఉండేది. అదే జాబితాలో ఐసోసయనేట్ల విషం కూడా ఉండేది. బండ్లకు హార్డెనరు కలిపి కొట్టే రెండు డబ్బాల వార్నిషు, మనం టూ-కే అంటామే, దాని హార్డెనరులో ఉండేది ఆ ఐసోసయనేటే. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం పట్టుకుంటుంది. నాయనను పట్టింది పత్తి దుమ్ము. మన పిల్లలకు రంగు ఆవిరి పట్టకూడదు.

కాబట్టి నేర్చుకునే పిల్లలకు నా షరతులు ఇవి. టూ-కే వార్నిషు ఇంట్లో వద్దు, మేడ మీద కూడా వద్దు. దానికి బయటి నుంచి గాలి అందించే ముసుగు, ప్రత్యేకమైన బూత్ ఉన్న షాపు కావాలి. బొమ్మ విమానానికి నీళ్ల వార్నిషు చాలు. అది కూడా గన్నుతో కొడితే మెత్తటి తుంపర గాలిలో తేలుతుంది, మాస్కు తప్పదు. కర్చీఫు, కరోనా రోజుల మాస్కు థిన్నరు ఆవిరిని ఆపవు. స్ప్రే డబ్బా వాడాల్సి వస్తే కార్బన్ క్యాట్రిడ్జి ఉన్న మాస్కు కొనుక్కోండి, వాసన తెలియగానే క్యాట్రిడ్జి మార్చండి.

పదడుగుల గదిలో ఒక మూల గ్యాసు పొయ్యి, ఇంకో మూల పసిబిడ్డ, మధ్యలో స్ప్రే డబ్బా! ఇలా చేసే ఇళ్లు నేను చూశాను. ఆ డబ్బాలోంచి వచ్చే గాలే మండుతుంది. పొయ్యి, దీపం, అగరబత్తి, బీడీ, ఏదీ దగ్గర ఉండకూడదు. పసిబిడ్డలు, కడుపుతో ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఉన్నచోట అసలు కొట్టకూడదు. నేను కొట్టేటప్పుడు నాయనను పక్కవీధి కాఫీ హోటలుకు పంపిస్తాను. వాసన పోయాకే రమ్మంటాను.

దీంతో బతకొచ్చా?

అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇది నెల జీతం పని కాదు. ఏరో ఇండియా ముందు, కాలేజీ ప్రాజెక్టుల కాలంలో వరసగా వస్తాయి, తర్వాత నెలలు ఖాళీ. మిగతా రోజులు నేను బంపర్లూ ట్యాంకులే చేస్తాను. కానీ ఈ చెయ్యి ఒకసారి కుదిరితే భవనాల నమూనాలకూ, షోరూముల్లో పెట్టే మోడళ్లకూ, డ్రోన్ల పైతొడుగులకూ పనికొస్తుంది. మెరుపు పని ఒక్కటే తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. మెరుపు కింద గీత పడినా చూసేవాడి కన్ను మెరుపు మీదికి పోతుంది. మసక పనిలో గీత, దుమ్ము, వేలిముద్ర అన్నీ అలాగే కనబడతాయి. అందుకే సరిగ్గా చేసేవాణ్ని వెతుక్కుంటూ వస్తారు.

కన్ను కుదరడానికి డబ్బు ఖర్చు లేదు. సెలవు రోజు పిల్లల్ని తీసుకుని కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ముందు నిలబెట్టిన మారుత్‌ను చూడండి. వీలైతే పాత ఎయిర్‌పోర్టు రోడ్డు వైపు హెచ్‌ఏఎల్ మ్యూజియంకు కూడా వెళ్లండి. ఎండావానల్లో నిలబెట్టిన విమానాలకు మళ్లీ మళ్లీ రంగు వేస్తుంటారు కాబట్టి ఆ రంగునే నమ్మి బొమ్మకు వేయకండి, దానికి ఎగిరిన కాలం నాటి ఫోటోలు చూసుకోవాలి. అక్కడ చూడాల్సింది వెలుగును. ఎదురుగా కాకుండా పక్కకు జరిగి, సూర్యుడు విమానానికి అవతల ఉండేలా నిలబడండి. రెక్క అంచు ఎక్కడ తళుక్కుమంటోంది, ఎక్కడ వెలుగు ఆగిపోతోంది, చక్రాల దగ్గర ఎలా ఉంది, మనుషుల చేతులు తగిలి ఎక్కడ మళ్లీ మెరుపెక్కింది, అన్నీ పిల్లల చేత చెప్పించండి. ఆ తేడా చెప్పగలిగిన పిల్ల నా దగ్గరికి వస్తే, స్ప్రే డబ్బా కన్నా ముందు మాస్కు చేతికిస్తాను.